అయస్కాంతం మీది అంకె

బిలాస్‌పూర్‌లో కారు డిక్కీలోంచి గుండెలదిరే శబ్దం మొట్టమొదట పుట్టించినవాణ్ణి నేనే. ఆ రోజు స్టేషన్ కప్పు రేకులు గడగడలాడితే, ఏ బండి పట్టాలు తప్పిందోనని ఆఫీసర్లు పరుగెత్తుకొచ్చారు. ఈ మాట నేను పెళ్ళి భోజనాల దగ్గర, పింఛను వరసల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇందులో నిజం ఎంతంటే, మా వీధి చివరి టాక్సీకి నేనొకసారి స్పీకర్లు బిగించాను, దాని వెనకద్దం కాస్త వణికింది. రేకులు, ఆఫీసర్లు తర్వాత వచ్చి చేరారు. ముందు పెంచి చెప్పడం, ఆనక ఎవరూ అడక్కుండానే ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఒక్క సంగతి మాత్రం యాభై ఏళ్ళుగా పెంచనూ లేదు, ఒప్పుకోనూ లేదు. దాన్ని మొన్న ఆదివారం పొద్దున కిశోర్ ఒక పాత ఖాకీ గుడ్డలో చుట్టి తెచ్చి నా వరండాలో పెట్టాడు.

కిశోర్ మా అప్ప మనవడు. అప్ప అంటే అక్క. విజయనగరం వైపు నుంచి రైలు ఉద్యోగాలకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా ఇళ్ళల్లో అక్కని అలాగే పిలుస్తాం. అప్ప పెనిమిటి అప్పలస్వామి బావ పోయిన వానాకాలంలో కన్నుమూశాడు. కుదుదండ్‌లో ఇల్లు సర్దుతుంటే అటక మీద ఆయన రేకు పెట్టెలో ఈ మూట దొరికిందట. కిశోర్ అసలు వచ్చింది దానికోసం కాదు, తన కారు కోసం. వాడు బ్యాంకులో పనిచేస్తాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. మధ్యలో హిందీలోకి దిగి మళ్ళీ ఎక్కుతుంటాడు.

"తాతయ్యా, దేఖో నా. రెండు సబ్‌వూఫర్లు పెట్టించాను. వాల్యూమ్ సగం దాటిందంటే బస్, ఎర్ర లైట్ వెలిగి యాంప్ బంద్ అయిపోతోంది. సిర్గిట్టిలో బిగించినాయన యాంపే ఖరాబ్, మార్చేయండి అంటున్నాడు."

"దానికి ఎన్ని ఓముల లోడు తగిలించాడో కొలిచాడా?"

"కొలవడం ఎందుకు? స్పీకర్ మీద రాసే ఉంది కదా."

"రాసినదాన్ని నమ్మకురా," అన్నాను. అనేశాక నా చెయ్యి డిక్కీ మూత మీద అలాగే ఉండిపోయింది. ఆ మాట అనడానికి ఈ ఊళ్ళో నాకంటే తక్కువ హక్కున్నవాడు ఇంకొకడు లేడు.

వాడి ముందు మాత్రం నేను డాక్టరులా డిక్కీలోకి వంగాను. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఓము అంటే ఎదురు. స్పీకరు యాంప్లిఫయర్‌కి కొంత ఎదురు నిలబడాలి. ఎదురు ఎక్కువైతే శబ్దం తగ్గుతుంది, అంతే. ఎదురు తక్కువైతే యాంప్లిఫయర్ తన శక్తికి మించి ఇవ్వబోయి వేడెక్కి కాలిపోతుంది. అంకె చిన్నదైన కొద్దీ భారం పెద్దదన్నమాట. కొత్తవాళ్ళందరూ తలకిందులయ్యేది ఇక్కడే. కిశోర్ యాంప్లిఫయర్ నాలుగు ఓములకి తక్కువ ఒప్పుకోదు. వాడి స్పీకర్లలో ఒక్కోదాంట్లో రెండేసి కాయిళ్ళు, ఒక్కో కాయిలు నాలుగు ఓములు. బిగించినాయన నాలుగు కాయిళ్ళనీ పక్కపక్కనే కలిపి పారేశాడు. అలా కలిపితే నాలుగు కాస్తా ఒకటికి దిగుతుంది. పాపం ఆ యాంప్లిఫయర్ ఖరాబ్ కాలేదు, బుద్ధిగా తన ప్రాణం కాపాడుకుంటోంది. నేను ఒక్కో స్పీకరులో కాయిళ్ళు రెంటినీ ఒకదాని వెనక ఒకటి కలిపాను, ఎనిమిదైంది. ఆ రెండు ఎనిమిదుల్నీ పక్కపక్కనే కలిపాను, నాలుగైంది. మీటరు పెట్టి చూసుకుని, జేబులోంచి సుద్దముక్క తీసి రెండు అయస్కాంతాల మీదా 8 అని రాశాను.

"సుద్దతో ఏంటి తాతయ్యా? మార్కర్ ఇవ్వనా?" అన్నాడు కిశోర్.

"ఇది మీ తాత పద్ధతిరా."

"మా తాతా? ఆయన సుద్ద పట్టుకోగా నేను ఎప్పుడూ చూడలేదే."

చూసి ఉండడు. వాడే కాదు, వాడి నాన్న కూడా చూసి ఉండడు. పాట పెట్టి, వాల్యూము చివరిదాకా తిప్పి, ఎర్ర లైటు వెలగకపోయేసరికి వాడు చిన్నపిల్లాడిలా గెంతి, అప్పుడు గుర్తొచ్చి ముందు సీట్లోంచి ఆ ఖాకీ మూట తెచ్చాడు. "నానమ్మ నీకిమ్మంది. పాత స్పీకర్ అట. పనికొస్తుందా చూడు." గుడ్డ ఒక మూల తొలగించగానే చిరిగిన కాగితపు అంచు, దాని మీద నేను అతికించిన మాసిక కనిపించాయి. అంతకన్నా విప్పలేదు. వాడు టీ తాగుతున్నంతసేపూ ఆ మూటని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

నా ఇరవయ్యో ఏట నేను ఉద్యోగం సద్యోగం లేకుండా బావ వాళ్ళ రైల్వే క్వార్టర్‌లో ఉండేవాణ్ణి. రెండు గదులు, వెనక ఒక వసారా. ఆ వసారా వాసన నాకు ఇప్పటికీ ముక్కుల్లో ఉంది: అప్ప కుంపటి రాజేసినప్పుడు ఇంజన్ బొగ్గు పొగ, దాని మీద ఉడికే చింతపండు పులుసు, పక్కనే స్పిరిట్‌లో కరిగించిన లక్క. స్పీకరు కాగితాలు ఊడినా, కాయిలు చుట్లు వదులైనా బావ ఆ లక్కని దూది పుల్లతో అద్ది బిగించేవాడు. "అన్నంలో కూడా లక్క వాసనే తగుల్తంది నాకు," అని అప్ప సణిగేది. "మరేటి, గట్టిగా ఉంటావు," అనేవాడాయన. బావ ఉద్యోగం యార్డులో. గూడ్సు బండి రాగానే పెట్టె పెట్టెకీ వంగి, చక్రాలు సుత్తితో కొట్టి, ఆ మోత విని, బాగుంటే ఒక గుర్తు, బాగోకపోతే ఒక గుర్తు పెట్టె మీద సుద్దతో రాసే పని. జబ్బు అని రాస్తే ఆ పెట్టె ఊడదీసి పక్క లైనులోకి పోవలసిందే. బాగుందని రాస్తే మళ్ళీ ఎవరూ వంగి చూడరు.

"ఒరే సూరీ, సుద్ద రాసినోడి మాట మీద బండి కట్నీ దాకా ఎలిపోద్ది. డ్రైవరు దిగి సూడడు, గార్డు సూడడు. తెలిసిందేటి?"

"తెలిసింది బావా."

"నీకు తెలిసిందంటేనే నాకు బయం."

ఆ సుద్ద అలవాటు ఆయనతో ఇంటికి వచ్చేసేది. చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఆవకాయ జాడీ మీద ఒక గీత, కిరసనాయిలు డబ్బా మీద ఎంత మిగిలిందో ఒక గీత, బియ్యం డబ్బా మీద ఒక అంకె. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు అన్నీ ఒకసారి చూసి రాసిపోయేవాడు. అప్ప మూత తీసేది కాదు. గీత చూసి వంటలోకి దిగేది. ఆ ఇంట్లో సుద్ద అంటే నమ్మకం. అది ఎంత చిత్రమైన ఇల్లో అప్పుడు నాకు తెలియదు; ఇప్పుడు మా ఇంట్లో పాలప్యాకెట్టు తేదీ కూడా ముగ్గురు మూడుసార్లు చూస్తారు.

డ్యూటీ కాని వేళల్లో బావకి మైకుసెట్టు ఉండేది. మా కాలనీలో ఎవరు రిటైరైనా ఇంజన్ల షెడ్డు నుంచి క్వార్టర్ దాకా దండలేసి, డప్పులతో ఊరేగించి తీసుకొస్తారు. ఆ ఊరేగింపు ముందు రిక్షాలో మా సెట్టు వెళ్ళేది. కారు బ్యాటరీ మీద నడిచే యాంప్లిఫయర్, వెనక తెరిచి ఉన్న పెద్ద చెక్కపెట్టెలో రెండు స్పీకర్లు. ఆ సెట్టుకి సర్వాధికారిని నేనేనని, బావ ఉత్తినే పక్కన నిలబడేవాడని నేను చాలామందికి చెప్పాను. కాదు. నా పని కొలవడం, రాయడం. స్పీకరు ఎక్కడిదైనా సరే, మీటరు పెట్టి ఎన్ని ఓములో చూసి అయస్కాంతం మీద సుద్దతో రాయాలి. ఆయన ఆ అంకె చూసి వైర్లు కలిపేవాడు. యార్డు పద్ధతే. ఒకడు రాశాక రెండోవాడు మళ్ళీ కొలవడు.

సింహాచలం గారు మెయిలు డ్రైవరు. ఎవరితోనూ పది మాటలు మాట్లాడి ఎరగరు. అలాంటి మనిషి తన రిటైర్మెంటుకి వారం ముందు మా వసారాలోకి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి, "అప్పలస్వామీ, ఆ రోజు షెడ్డు గేటు దగ్గర రెండు ముక్కలు మాట్లాడదామనుకుంటన్నానయ్యా. నా గొంతు నీకు తెలుసు గదా. ఎనక ఉన్నోళ్ళకి కూడా ఇనబడాల," అన్నారు. బావ ఆ మాటకి పొంగిపోయాడు. ఉన్నవాటిలో ఒక స్పీకరు నీరసంగా ఉందని, సిర్గిట్టి పాత సామాన్ల గోడౌనులో వెతికి ఇంకోటి తెచ్చాడు. అంచు చిరిగింది గానీ గొంతు గట్టిది. నేను మాసిక వేశాను. కొలవలేదు. ఆ పూట నాకు జ్వరం అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. జ్వరం లేదు, మ్యాటినీ ఉంది. పాతది ఎనిమిది, ఇదీ చూడ్డానికి దాని తోబుట్టువులాగే ఉంది. 8 అని రాసి సైకిలెక్కి సినిమాకి పోయాను.

రెండు ఎనిమిదులు పక్కపక్కనే కలిపితే నాలుగు, మా యాంప్లిఫయర్‌కి సరిగ్గా సరిపోతుంది. బావ అలాగే కలిపాడు. ఆ సాయంత్రం ఎండ ఇంకా దిగలేదు. షెడ్డు గేటు దగ్గర రెండు వందల మంది. పాటలు వచ్చినంతసేపూ బాగానే ఉంది, కాస్త ఎక్కువే బాగుంది, నేను కాలరు ఎగరేసుకుని తిరిగాను. సింహాచలం గారు దండల మధ్య నుంచి ముందుకొచ్చి, జేబులోంచి మడతల కాగితం తీసి, మైకు దగ్గర "అందరికీ" అన్నారు. ఆ ఒక్క మాటే. పెట్టె గుర్రుమని, కాలిన వాసన వేసి ఆగిపోయింది. ఆయన మూగబోయిన మైకు ముందు పెదాలు కదిపారు. ముందు వరసకి కూడా వినబడలేదు. వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. ఆయన కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, చేతులు జోడించి, నడవడం మొదలెట్టారు. డప్పులు అందుకున్నాయి.

బావ యాంప్లిఫయర్ మీద వంగి ఉన్నాడు. నేను పెట్టె వెనక్కి వెళ్ళాను. ఏం జరిగిందో నాకు అర్థమైపోయింది: కొత్తది ఎనిమిది కాదు, నాలుగు; ఆ భారం మోయలేక యాంప్లిఫయర్ కాలిపోయింది. చేతికి దొరికిన ఆ అరనిమిషంలో నేను చేసిన పని ఇది: బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని, ఆ 8 ని తుడిచి, జేబులో సుద్దముక్కతో 4 అని రాశాను.

బావ మీటరు పట్టుకుని వచ్చాడు. కొలిచాడు. అయస్కాంతం వైపు చూశాడు. "ఏటి రాసినావురా దీని మీద?" అన్నాడు.

"నాలుగే రాసేను బావా. నువ్వే సూసుకోనేదు."

ఆయన చాలాసేపు ఆ అంకె వంక చూశాడు. తర్వాత అరచేతులతో కళ్ళు రుద్దుకుని, మళ్ళీ చూశాడు. "అవున్రా. నాలుగే ఉంది. నాను ఎనిమిదని సదివీసినాను," అన్నాడు. అప్పటికి ఆయనకి నలభై కూడా లేవు. క్వార్టర్ దాకా నడిచి వెళ్ళి, సింహాచలం గారి గుమ్మంలో అందరి ముందూ అదే మాట చెప్పాడు. "తప్పు నాదండీ. నా కళ్ళు సెడిపోనాయి. మా సూరి సరిగ్గానే రాసినాడు."

ఆ తర్వాత సంగతులు ఒకదాని వెంట ఒకటి నెమ్మదిగా జరిగాయి, అందుకే ఎవరికీ పెద్దగా కనబడలేదు. బావ ఆ యాంప్లిఫయర్‌ని బాగుచేయలేదు. మైకుసెట్టు అటకెక్కింది. యార్డులో సుత్తి తను పట్టుకుని, సుద్ద జతగాడి చేతికిచ్చేశాడు. "నాలుక్కీ ఎనిమిదికీ తేడా తెలీనోడు బండ్ల మీద రాయకూడదు," అనేవాడట. ఇంట్లో జాడీల మీద గీతలు మాసిపోయాయి, కొత్తవి పడలేదు. అప్ప ప్రతి మూతా తీసి చూసుకోవడం నేర్చుకుంది. కళ్ళకి అద్దాలు వచ్చాయి. అవి ఉత్త గాజు పలకలని, లోకం కోసం పెట్టుకున్నాడని రాయాలని నా చెయ్యి పీకుతోంది. అలా రాస్తే కథ బాగుంటుంది. కానీ అవి నిజం అద్దాలే. నలభై దాటాక ఎవరికైనా వచ్చేవే. వీటితోపాటే సైకిలూ పోయింది. సెలవు దొరికితే బావ సైకిలు మీద అంత దూరపు కర్గీ రోడ్ స్టేషన్ దాకా వెళ్ళొచ్చేవాడు. ఒక్క ఊపిరిలో, ఎక్కడా కాలు దించకుండా అని నేను చెబుతుంటాను; రెండు చోట్ల దిగి బీడీ కాల్చేవాడు. తోవ పొడుగునా పాడుకునేవాడు, అది మాత్రం నిజం. కళ్ళు లేని మనిషి లారీల కింద పడతాడని అప్ప ఏడ్చి ఆ సైకిలు అమ్మించేసింది. అప్పుడైనా నేను నిజం చెప్పలేదు. రెండేళ్ళలో నాకు రైల్వే టెలిఫోన్లలో ఉద్యోగం వచ్చింది. ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఏడాదికేడాది ఆ మాట ఇంకాస్త అరిగింది.

కిశోర్ టీ గ్లాసు కింద పెట్టి, "తాతయ్యా, అచ్ఛా, విప్పి చూడవా మరి?" అన్నాడు. విప్పాను. గుడ్డ బావ యూనిఫారం ప్యాంటుదే. స్పీకరు బోర్లా తిప్పాను. అయస్కాంతం మీద 4 ఉంది.

యాభై ఏళ్ళు సుద్ద నిలవదు. వేలితో రుద్ది చూశాను, పోలేదు. వెలుతురులోకి పట్టుకుని చూస్తే దాని మీద లక్క. దూది పుల్లతో, అంకె చెదరకుండా ఓపిగ్గా అద్దిన లక్క, పాత తేనె రంగులో. ఆ లక్క కింద నా 4. ఆ 4 వెనక, ఎంగిలి వేలు సరిగ్గా తుడవని చోట, ఎనిమిదంకె పొట్టలు రెండూ మసగ్గానే, అయినా స్పష్టంగా. ఆ చుట్టూ నా బొటనవేలి గీతలు కూడా దిగబడి ఉన్నాయి.

ఆయన చూశాడు. ఎప్పుడు చూశాడో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే చూసి నన్ను కాశాడా? నాకు ఉద్యోగం వచ్చాక చూసి ఊరుకున్నాడా? లేక పదేళ్ళ తర్వాత అటక మీద ఏదో వెతుకుతూ చూసి, అప్పటికి సైకిలూ లేదు, సెట్టూ లేదు, ఇంకెందుకని దాని మీద లక్క పూసి మూటగట్టాడా? నా మీద ప్రేమతో దాచాడో, ఏదో ఒకరోజు నా ఒళ్ళో పడాలని దాచాడో కూడా తెలియదు. ఇన్నేళ్ళు పండగలకి పక్కపక్కనే కూర్చుని భోంచేశాం. నేను నా గొప్పలు చెప్పేవాణ్ణి. ఆయన అద్దాల వెనక నుంచి నా వంక చూస్తూ వినేవాడు.

"కారు తియ్యరా, మీ నానమ్మ దగ్గరకి పోదాం," అన్నాను. తోవలో కిశోర్ పాట పెట్టబోతే వద్దన్నాను. అంత బాగా కుదిరిన లోడు కుదుదండ్ దాకా మాట్లాడకుండా వచ్చింది.

అప్ప వాకిట్లో పీట మీద కూర్చుని మెంతికూర వలుస్తోంది. ఎనభై దాటాయి, నడుం వంగింది, కంఠం వంగలేదు. "ఏటిరా సూరీ, ఎండలో ఒచ్చీసినావు? ఆ పాత సామాను పనికొచ్చిందేటి?" అంది. గోడకి బావ ఫోటో. ఫోటో కింద చిన్న చెక్క మీద ఆయన అద్దాలు. నేను నేల మీద కూర్చుని, స్పీకరు ఆమె ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. మ్యాటినీ దగ్గర మొదలెట్టి, ఎంగిలి వేలు దాకా. బతుకులో మొదటిసారి నేను చెప్పిన కథలో ఒక్క రేకు కూడా కదల్లేదు.

అప్ప చేతిలో కూర అలాగే ఉంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "అయితే ఆయన కళ్ళు బాగానే ఉన్నాయేటి?" అంది.

"ఆ రోజుకి బాగానే ఉన్నాయప్పా."

"మరి సైకిలు నానే గదరా అమ్మించీసినాను," అంది. "ఆ తీసుకున్నోడు నడిపించుకుని ఎలిపోతంటే, ఈయన వీధి చివరిదాకా కూడా ఎల్లినాడు. హేండిలు మీద సెయ్యేసి. పోన్లే, నా మాట ఇన్నాడు గదాని సంబరపడిపోనాను నాను."

గుమ్మం దగ్గర కిశోర్, "క్యా హువా దాదీ... నానమ్మా?" అంటున్నాడు. అప్ప గోడ పట్టుకుని లేచి, బావ ఫోటో దాకా నడిచి, ఆ చెక్క మీది అద్దాలు తీసింది. చీర కొంగుతో రెండు పలకలూ తుడిచి, మడిచి, పక్కనున్న బల్ల సొరుగులో పెట్టి సొరుగు మూసేసింది.

"ఇయింకేటికిరా ఆయనకి," అంది.

నలభై దాటాక ఎవరికైనా అద్దాలు వస్తాయప్పా, అవి నిజం అద్దాలే, అందామని నోటిదాకా వచ్చింది. అది అబద్ధం కూడా కాదు. అయినా అనలేదు. పీట దగ్గర మిగిలిపోయిన మెంతికూర నా వైపు లాక్కుని వలవడం మొదలెట్టాను.